కొండ గుర్రం కాళ్లు ఎందుకు చాపింది?

రాజవొమ్మంగి నుంచి ఈశాన్యంగా చింతపల్లి, పాడేరు కొండల్లోకి వెళితే గుర్రాలు కనిపిస్తాయి. పందెపు గుర్రాలు కావు, పొట్టివి, గట్టివి. బండి పోలేని గూడేలకు బియ్యం బస్తాలు మోస్తాయి, సంతకు కాఫీ గింజలు, మిరియాలు దించుకొస్తాయి. అటువంటి గుర్రం ఒకటి హఠాత్తుగా అడుగు వేయనన్నదనుకోండి. ముందుకాళ్లు చాపి, బరువంతా వెనక్కు వేసుకుని నిలబడింది. ముల్లు లేదు, దెబ్బ లేదు. మరేమైంది?

గిట్ట లోపల చూద్దాం. గుర్రానికి కాలికి ఒక్కటే వేలు. ఆ వేలి చివరి ఎముక చుట్టూ గోరులా పెరిగినదే గిట్ట. తమాషా ఏమిటంటే, ఎముక గిట్ట అడుగున కూర్చుని ఉండదు. గిట్ట గోడకు వేలాడుతూ ఉంటుంది! పుట్టగొడుగు కింద పలుచని రేకులు చూశారు కదా? గిట్ట గోడ లోపలి వైపున అలాంటివి సుమారు 600. ఒక్కొక్క రేకుకు మళ్లీ వందకు పైగా చిన్న రేకులు. ఎముక వైపు రేకులు వచ్చి వీటి సందుల్లో ఇరుక్కుంటాయి. రెండు నోటు పుస్తకాల కాగితాలను ఒకదాని మధ్య ఒకటి దూర్చి, అట్టలు పట్టుకుని లాగి చూడండి. ఎంత బలమో తెలుస్తుంది!

ఈ పట్టు సడలడమే లామినైటిస్ జబ్బు. మరీ సడలితే ఎముక కిందికి దిగి అరికాలిని నొక్కుతుంది. ఆ బాధ చెప్పనలవి కాదు.

దీనికి కారణాలు కొన్ని ఉన్నా, ఎక్కువసార్లు దోషి ఒక హార్మోను. పేరు ఇన్సులిన్. ఇన్సులిన్ అనగానే మీరు మధుమేహం అని రాస్తారు, నేనూ మార్కులు వేస్తాను. ఇక్కడ కథ వేరు. లావెక్కిన గుర్రం శరీరం ఇన్సులిన్ మాట సరిగా వినదు. వినేదాకా క్లోమం ఇంకా ఇంకా పోస్తుంది. రక్తంలో చక్కెర సాధారణంగా అదుపులోనే ఉంటుంది, ఇన్సులిన్ మాత్రం పొంగిపోతుంది. 2007లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఆరోగ్యంగా ఉన్న పోనీలకు ఇన్సులిన్ ఎక్కించారు. చక్కెర పడిపోకుండా గ్లూకోజూ ఇచ్చారు. 72 గంటల్లోపే వాటన్నిటికీ లామినైటిస్ వచ్చింది. పాపం ఆ మూగజీవాలు! తప్పు చక్కెరది కాదు, మితిమీరిన ఇన్సులిన్‌దని అలా తేలింది. ముసలి గుర్రాల్లో పీయూష గ్రంథి చెడినా ఈ ముప్పు ఉంది.

పొట్టి జాతి గుర్రాలు తక్కువ మేతతో బతకనేర్చినవి. కొండలెక్కుతూ గరుకు గడ్డి మేస్తే వాటికి హాయి. రోడ్డు పడి, ఆటో వచ్చి, గుర్రం పాకలోనే ఉండిపోతే? ముద్దుకొద్దీ తవుడూ బెల్లమూ పెడితే? మెడమీద కొవ్వు గట్టిపడుతుంది, గిట్టమీద అడ్డగీతలు పడతాయి.

నడిపిస్తే సర్దుకుంటుందని కొందరు తోలుతారు. వద్దు! ప్రతి అడుగూ ఆ రేకులను మరింత చీలుస్తుంది. మెత్తని ఇసుకలో నిలపాలి, బెల్లం మానాలి. ఎండుగడ్డిని నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెడితే కొంత చక్కెర పోతుంది. పూర్తిగా పస్తు పెట్టినా ప్రమాదమే. ఒంటి కొవ్వు కరిగి రక్తాన్ని ముంచెత్తుతుంది. పశువైద్యుణ్ణి వెంటనే పిలవాలి. ఆయన గిట్టకు కాస్త పైన, వెనుకవైపు వేలు పెట్టి చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి అక్కడ నాడి దొరకడమే కష్టం. ఈ జబ్బు గుర్రానికి వేలు ఆనించగానే టకటకా కొడుతుంది.