జత కట్టాక మొదలయ్యే పోటీ

దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద సెల్ఫీలు దిగేవాళ్ల చూపు నీటి అంచున గడ్డిలో జరిగే తంతు మీద పడదు. అక్కడ తూనీగలు జతలుగా ఎగురుతుంటాయి. జత కట్టడం అయిపోయినా చాలా జాతుల్లో మగది ఆడదాన్ని వదలదు. మెడ పట్టుకునో, పైన గిరికీలు కొడుతూనో, అది గుడ్లు పెట్టేదాకా కాపలా కాస్తుంది. దీన్ని అనురాగం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 1871లో లైంగిక వరణం గురించి రాసిన డార్విన్, మగవాటి పోటీ ఆడది దక్కడంతో తీరిపోతుందన్నట్టే చూశాడు. నెమలి పింఛం, దుప్పి కొమ్ములు అందుకు ఉదాహరణలు. పోటీ ఆ తర్వాత కూడా సాగుతుందని 1970లో వివరించినవాడు బ్రిటన్ జీవశాస్త్రవేత్త జెఫ్రీ పార్కర్. ఆడ కీటకం ఒంట్లో శుక్రకణాలను దాచుకునే సంచి ఉంటుంది. అవి ఖర్చయ్యేలోపు అది ఇంకో మగదానితో కలిస్తే, రెండింటి కణాలూ అవే గుడ్ల కోసం పోటీ పడక తప్పదు. పార్కర్ చూసిన పేడ ఈగల్లో చివరగా కలిసిన మగదానికే దాదాపు 80 శాతం గుడ్లు దక్కాయి.

ఈ పోటీ ఎంతదాకా పోయిందో తూనీగ ఒంట్లోనే కనిపిస్తుంది. మగదాని వీర్యం బయటికొచ్చేది పొట్ట చివర నుంచి. సంపర్క అవయవం ఉండేదేమో పొట్ట మొదట్లో, రెండో ఖండం కింద. అందుకని అది ముందు పొట్ట వంచి తన వీర్యాన్ని తానే అక్కడికి చేరవేసుకుంటుంది. తర్వాత ఆడది తన పొట్ట కొసను అక్కడికి తెచ్చి ఆనిస్తుంది. అమెరికాలో నల్లరెక్కల సూదితూనీగల మీద 1979లో వెలువడిన పరిశోధన అసలు గుట్టు విప్పింది. ఆ అవయవం కొసన వెనక్కి వంగిన ముళ్లున్నాయి. మగది తన వీర్యం వదిలే ముందు, అంతకుముందు కలిసినదాని వీర్యంలో 88 నుంచి 100 శాతాన్ని బావిలో పూడిక తీసినట్టు తోడేస్తుంది. తాను చేసిన పనే మరొకటి తనకూ చేయగలదు కాబట్టే ఆ కాపలా.

ముళ్లు ఇంకెందుకో పుట్టి ఉండొచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. సబబైన ప్రశ్నే, ఒక్క జాతి అవయవం చూపించి పరిణామ సూత్రం చెప్పలేం. అయితే కోతుల దాయాదుల్లోనూ ఇదే లెక్క కనిపిస్తుంది. దాదాపు 170 కిలోల గొరిల్లాకు వృషణాల బరువు 30 గ్రాములు, ఒంటి బరువులో దాని మూడో వంతు కూడా లేని చింపాంజీకి 120. గొరిల్లా గుంపులో ఆడవాటి మీద పెత్తనం సాధారణంగా ఒక్క మగదానిదే, చింపాంజీ ఆడది చాలా మగవాటితో కలుస్తుంది. ఎక్కువసార్లు కలుస్తాయి కాబట్టి పెద్దవయ్యాయేమో అన్న అనుమానం అప్పటికీ మిగులుతుంది. దానికి పోలికలు చాలవు, ప్రయోగం కావాలి. 2001లో ప్రచురితమైన పరిశోధనలో పేడ ఈగల కొన్ని వంశాల్లో ఆడదానికి ఒక్క మగదాన్నే, మరికొన్నిట్లో ఒకటికి మించి మగవాటిని జత చేశారు. పది తరాలు తిరిగేసరికి పోటీ ఉన్న వంశాల్లో వృషణాలు పెరిగాయి. నా దృష్టిలో వాదనకు అసలు బలం ఇక్కడుంది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకోటి ఉంది. ఈ కథలో ఆడది ఉత్త యుద్ధభూమిగా మిగిలిపోతోంది. ఎవరి వీర్యం దాచుకోవాలో, ఎవరిది వదిలించుకోవాలో ఆడవే నిర్ణయించే సందర్భాలను విలియం ఎబర్‌హార్డ్ 1996లో పుస్తకంగా కూర్చాడు. స్వేచ్ఛగా తిరిగే కోళ్లలో, గుంపులో తక్కువ హోదా ఉన్న పుంజు తొక్కితే పెట్ట దాని వీర్యాన్ని బయటికి నెట్టేస్తుందని 2000లో తేలింది. మగవాటి పోటీ ఒక్కదాన్నే చూసి తేల్చిన పరిణామం సగం లెక్కే.