అవ్వ చేతి బెల్లం చాయ్

నేడు మన పల్లెల్లో చాయ్ కాగని ఇల్లు కనబడదు. ప్రార్థన కూటమైనా, పెండ్లి మాటలైనా, పరామర్శకు వచ్చిన చుట్టమైనా, ముందు చాయ్ గ్లాసు చేతికి వస్తుంది. అయితే ఇది మన తాతముత్తాతల నాటి అలవాటు కాదు. మెదక్ సీమలో మన ముత్తవ్వల కాలంలో పొద్దున్నే కడుపులో పడింది జొన్న అంబలి, లేదా రాత్రి మిగిలిన గట్క. చాయ్ మన వాకిట్లోకి ఎట్లా వచ్చింది? వచ్చి మన కుటుంబాలకు ఏమి ఇచ్చింది? ఒక అవ్వ కథతో పాటు ఈ సంగతి కూడా తెలుసుకొందాము.

అస్సాంలో తేయాకు తోటలు 1830లలోనే మొదలైనా, చాలా కాలం ఆ ఆకు ఓడలెక్కి సీమకు పోయింది. 1903లో ప్రభుత్వం తేయాకు మీద సుంకం విధించి, ఆ సొమ్ముతో చాయ్ ప్రచారానికి పూనుకొన్నది. రైలు స్టేషన్లలో, సంతలలో జనానికి చాయ్ రుచి చూపించారు. 1930లో అస్సాంలో విలియం మెక్‌కెర్చర్ అనే ఆయన ఆకును నలిపి, చింపి, ఉండగా చుట్టే యంత్రాన్ని తెచ్చాడు. ఆ పొడి చెంచాడు వేస్తే చాలు, గిన్నెడు నీళ్లకు రంగు వస్తుంది. పేదవాని ఇంటికి చాయ్ చేరడానికి ఈ చౌక పొడి ఒక పెద్ద కారణము.

చక్కెర మాత్రం అంత సులువుగా రాలేదు. బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం 1937లో వెలిసినా, పల్లెలో చక్కెర అంటే పండుగ సరుకే. తరువాత రేషను కార్డు మీద కొలిచి ఇచ్చిన చక్కెర నెల మధ్యకే అయిపోయేది. జహీరాబాదు వైపు చెరకు గానుగల నుండి వచ్చే బెల్లం మాత్రం అంగట్లో దొరికేది. అందుకే మా అవ్వ చాయ్ బెల్లం చాయ్ అయింది.

ఆమె పద్ధతి ఇది. అయిదు చిన్న గ్లాసుల చాయ్‌కి మూడు గ్లాసుల నీళ్లు పొయ్యి మీద పెట్టేది. మరుగుతుండగా దంచిన సొంఠి చిటికెడు, నాలుగు చెంచాల పొడి వేసేది. డికాషన్ ఎర్రబడ్డాక నిమ్మకాయంత బెల్లం చితకగొట్టి వేసి, కరిగాక గిన్నె దించేది. రెండు గ్లాసుల పాలు వేరే గిన్నెలో కాచి, చివరకు పైనుండి పోసేది. మళ్లీ పొయ్యి మీద పెట్టనిచ్చేది కాదు.

"పాలు, బెల్లం కలిసి ఉడకొద్దు బిడ్డా, కొట్లాడుకుంటయి," అనేది.

ఆమె చదువుకోలేదు గాని ఆ మాటలో శాస్త్రమున్నది. బెల్లంలో కొంచెం పులుపు, కొన్ని లవణాలు ఉంటాయి. వాటితో కలిపి మరిగిస్తే పాలు విరుగుతాయి. చక్కెరతో ఆ బాధ లేదు.

క్రిస్మస్‌కు మెదక్ గుడికి పోయినప్పుడు కూడా అవ్వ మూటలో బెల్లం, సొంఠి, చాయ్ పొడి ఉండవలసిందే. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన ఆ గుడి చుట్టూ పండుగనాడు ఊర్లకు ఊర్లే దిగుతాయని మీకు తెలిసినదే. చలిలో మూడు రాళ్లు పెట్టి అవ్వ చాయ్ కాచితే, పక్క ఊరివాళ్లు కూడా గ్లాసులు పట్టుకొని వచ్చేవారు. "మా వాళ్లు కారు" అని ఆమె ఎవరినీ తిప్పి పంపలేదు.

ఇంతలో మన ప్రాంతము మారిపోయింది. 1960లలో రామచంద్రాపురంలో భెల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. ఆ దశాబ్దంలోనే పారిశ్రామికవాడ పెరగసాగింది. 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చింది. నాగలి పట్టిన చేతులు షిఫ్టు కార్డు పట్టినవి. మా నాయనకు ఒక వారం పొద్దున షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. చిన్నాయనది ఇంకొక ఫ్యాక్టరీ, ఇంకొక వేళ. జీతం వచ్చింది, పిల్లలు బడికి పోయారు, ఇంటికి పెంకులు పడ్డాయి. కాని అందరు కలిసి కూర్చొని అన్నం తినే పూట పోయింది.

అప్పుడు మా ఇంటిని పట్టి ఉంచినది ఆ చాయ్ పొయ్యే. తెల్లవారుజామున అయిదింటికి రాత్రి షిఫ్టు వాళ్లు ఇంకా దారిలో ఉంటారు, పొద్దున షిఫ్టు వాళ్లు బయలుదేరుతుంటారు. అవ్వ రెండు గ్లాసులు పోసి, ఒకటి పోయే కొడుక్కు ఇచ్చి, ఒకటి వచ్చే కొడుకు కోసం నిప్పుల పక్కన మూత పెట్టేది. "నీ తమ్ముడు జ్వరం మీద పోయిండు, మాపటికి నువ్వే ఎదురుపోవాలె" అని ఒకరి కబురు ఒకరికి చెప్పేది. నెలల తరబడి ఒకరి ముఖం ఒకరు సరిగా చూడని అన్నదమ్ములు ఆ పొయ్యి దగ్గర దూరం కాకుండా మిగిలారు.

తరువాత ఒక ఏడాది చాయ్ రుచి చెడింది. నోట్లో పెట్టుకొంటే చేదు, పాలు పోయగానే విరుగుడు. అవ్వ మొదట పొడి మార్చింది, తరువాత బెల్లం మార్చింది. పాలు పోసే ఆమెతో మాటా మాటా అయింది. చివరకు పొరుగూరి బావి నుండి ఒక బిందె తెప్పించి, అదే పొడి, అదే బెల్లం, అదే పాలతో కాచింది. చాయ్ బాగున్నది! అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రం మా బావి గిలక నుండి తాడు తీసి చుట్టపెట్టింది. ఆ పొద్దు నుండి మా ఇంటి ఆడవాళ్లు మైలు దూరం నడిచి నీళ్లు మోశారు.

ఇది మా ఒక్క ఇంటి కష్టం కాదు. పరిశ్రమల మురుగు వల్ల నక్కవాగు వెంట ఊర్లలో బావులు, పొలాలు చెడిపోయినవి. 1990లో ఈ విషయమై సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. బాధిత రైతులకు నష్టపరిహారం, గ్రామాలకు మంచినీరు ఇవ్వవలెనని ఆదేశాలు వచ్చినవి. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ అల్లాని కిషన్ రావు గారు ఈ ప్రజల పక్షాన ఎన్నో ఏండ్లు పోరాడారు. మురుగును శుద్ధి చేయుటకు 1994లో ఉమ్మడి కర్మాగారం నడపడం మొదలైనా, అక్కడ శుద్ధి అయి బయటికి వచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. అనుభవముతో అవ్వ నాలుక పట్టినదాని తీవ్రతను లోకం తన కొలతలతో తరువాత తెలుసుకొన్నది. 2016లో మిషన్ భగీరథ మొదలైన తరువాత నల్లా నీళ్లు పల్లె ఇండ్లకు వచ్చినవి. ఆడవాళ్ల నెత్తి మీది బిందె దిగింది. బావి మాత్రం తిరిగి రాలేదు.

తల్లులారా, ఇంకొక మాట. బెల్లం చాయ్ షుగరు వ్యాధికి మంచిదని కొందరనుకొంటారు. ఇది నిజం కాదు. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే, రక్తంలో షుగరును అదీ పెంచుతుంది. అన్నంతో పాటు చాయ్ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తం తక్కువ ఉన్న ఆడవాళ్లు, గర్భిణులు తిన్న తరువాత గంట ఆగి తాగడం మంచిది. పసిపిల్లలకు పాలకు బదులు చాయ్ పోయవద్దు.

మా అవ్వ కాలం చేసి చాలా ఏండ్లయింది. ఆమె సొంఠి దంచిన చిన్న రోలు ఇప్పుడు నా దగ్గర ఉన్నది. దాని కన్న విలువైనది ఆమె నేర్పిన అలవాటు: ఇంట్లో లేనివారి గ్లాసు కూడా లెక్కపెట్టి నీళ్లు పోయడం. నేడు మన వీధులలో కిరాయి గదుల నిండా బీహారు, ఒడిశా నుండి వచ్చిన పిల్లలున్నారు. రాత్రి డ్యూటీ చేసి తెల్లవారి వచ్చేసరికి వారి కోసం మూత పెట్టిన గ్లాసు ఉండదు, వారి అవ్వ వందల మైళ్ల దూరంలో ఉన్నది. మన ఇంటి గిన్నెలో ఒక గ్లాసు నీళ్లు ఎక్కువ పోస్తే మనకు తరిగేదేమీ లేదు. రేపటి పొద్దున పోసి చూడండి.