చందమామ పిల్లలు మెచ్చని సీరియల్

చందమామలో ‘తోకచుక్క’ 1954లో మొదలైంది. కుండలినీ ద్వీపం సేనాని సమరసేనుడు, నాలుగు కళ్ల చతుర్నేత్రుడు, ఒంటికన్ను ఏకాక్షి అందులోని పాత్రలు. అది మొదలు ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’ వరసగా వచ్చాయి. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. పత్రికలో ఆయన పేరు వేసేవారు కాదు కనుక, ఏళ్లతరబడి చదివిన పిల్లలకు కూడా రచయిత ఎవరో తెలియదు. బొమ్మలు గీసిన ‘చిత్రా’ అసలు పేరు టి.వి. రాఘవన్. మిగతా భాషల చందమామల్లోనూ కథ అదే, బొమ్మలూ అవే.

ఈ సీరియల్స్ పిల్లల్ని కట్టిపడేసిన తీరు గమనించదగ్గది. సాహసం చేసేవాళ్లు తరచు ఇద్దరు మిత్రులు: ‘రాకాసిలోయ’లో కేశవుడు, జయమల్లు, తర్వాతి ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి. వాళ్ల దారి ఎప్పుడూ అడవిలోకో కొండగుహలోకో పోతుంది. బ్రహ్మదండి లాంటి మాంత్రికుడు ఒక పక్క భయపెడతాడు, ఇంకో పక్క నవ్విస్తాడు. నెలనెలా కథ ఆపదలోనే ఆగుతుంది. వచ్చే నెల మొదట్లో, జరిగిన కథ నాలుగు ముక్కల్లో చెప్పి మళ్లీ పరుగు అందుకుంటుంది. పాతికేళ్లపాటు ఇంత పట్టు సడలకుండా రాయడం మామూలు పని కాదు. తెలుగు బాలసాహిత్య చరిత్రలో దాసరికి దక్కవలసిన చోటు ఇంకా పూర్తిగా దక్కలేదు.

‘రాకాసిలోయ’ ముగిశాక, 1960ల నడుమ, ఈ వరస తెగింది. ఆ పేజీల్లోకి బంకించంద్ర ఛటర్జీ ‘దుర్గేశనందిని’, దాని వెంట ‘నవాబు నందిని’ వచ్చాయి. పత్రిక వెనక ఉన్న చక్రపాణికి మంత్రతంత్రాల కథలంటే పెద్దగా ఇష్టం లేదని చందమామను దగ్గరగా ఎరిగినవారు రాశారు. ఆయన శరత్ నవలల్ని తెలుగులోకి తెచ్చిన అనువాదకుడు. బెంగాలీ నవల మీద ఆయనకున్న మక్కువ సహజమే. అయితే 1951లో ‘పాతాళభైరవి’ తీసిన విజయా సంస్థ కూడా నాగిరెడ్డి, చక్రపాణిలదే. నేపాళ మాంత్రికుడి మీద తెలుగు జనానికి ఎంత మోజో ఆయనకు తెలియకపోదు.

పిల్లలు మాత్రం చిన్నబుచ్చుకున్నారు. ‘దుర్గేశనందిని’ 1865లో పుస్తకంగా వచ్చిన బంకిం తొలి బెంగాలీ నవల. మొగలులకూ పఠానులకూ పోరు సాగుతున్న కాలం. మానసింహుడి కొడుకు జగత్‌సింహుడు గాలివానలో ఒక శివాలయంలో తలదాచుకుని, అక్కడ మాందారణ కోట దొర కూతురు తిలోత్తమను చూస్తాడు. తొలిచూపులోనే ప్రేమ. రెక్కల గుర్రం లేదు, మాయ అద్దం లేదు. ఆలయంలోంచి ఏ భూతమో లేస్తుందని కాచుకున్న తొమ్మిదేళ్ల పాఠకుడికి ఇద్దరు పెద్దవాళ్ల మూగచూపులు ఏం ఆనతాయి? పత్రిక అమ్మకాలు పడిపోయాయనీ, అందుకే దాసరిని మళ్లీ కలం పట్టించారనీ చందమామను ఎరిగినవారి జ్ఞాపకాలు చెబుతాయి. అలా ‘పాతాళదుర్గం’ మొదలైంది.

‘దుర్గేశనందిని’ కథనే నలభై దాటాక తీసి చదివితే మరో రకంగా కనిపిస్తుంది. పఠానుల నాయకుడు కత్లూఖాన్ మనుషులు రాత్రివేళ కోటలో చొరబడతారు. కోట దొర తల తెగుతుంది. అతని భార్య విమల ఆ పగ లోపల దాచుకుని, జన్మదినపు విందులో కత్లూఖాన్ తాగి మైమరచి ఉండగా కత్తితో పొడుస్తుంది. ఈ ఘట్టంలో ఉన్న ఉత్కంఠ ఏ రాక్షసగుహకూ తీసిపోదు. గాయపడి బందీ అయిన జగత్‌సింహుడికి సేవ చేసేది కత్లూఖాన్ కూతురు ఆయేషా. తనను కోరుకుంటున్న ఉస్మాన్ ఎదుటే, తన మనసు ఈ బందీదేనని ఆమె చెప్పేస్తుంది. చివరకు జగత్‌సింహుడు తిలోత్తమను పెళ్లాడతాడు. ఆయేషా ఆ పెళ్లికి వెళ్లి తన నగలన్నీ పెళ్లికూతురికి పెట్టి వస్తుంది. ఇంటికొచ్చాక విషం దాచిన ఉంగరం వేలినుంచి తీస్తుంది. కాసేపు ఆలోచించి, దాన్ని కోట అగడ్తలోకి విసిరేస్తుంది. పిల్లలు ఈ పేజీని గబగబా తిప్పేసి ఉంటారు. ఆశ పోయిన మనిషి బతకడానికి ఒప్పుకోవడమంటే ఏమిటో ఆ వయసులో తెలిసే అవకాశం లేదు. ఆమె తర్వాతి జీవితాన్నే మరో బెంగాలీ రచయిత దామోదర ముఖోపాధ్యాయ ‘నవాబు నందిని’గా రాశాడు.

ఇక్కడ దాసరి సీరియల్స్‌లోని లోటు కూడా బయటపడుతుంది. చాలావాటిలో ఆడవాళ్ల పని తక్కువ. ఎవరో ఎత్తుకుపోవాలి, ఎవరో విడిపించి తేవాలి. ఆయేషా వంటి మనిషి వాటిలో దొరకదు. అయినా పిల్లల తీర్పు తప్పని అనడానికి లేదు. నెలకు కొన్ని పేజీల ముక్కగా అచ్చయినప్పుడు, మనసులో జరిగే కథకు ఊపు చాలదు. వచ్చే నెల దాకా లాక్కుపోయే ఆపద కావాలి. బంకిం నవలను ఏకబిగిన చదివేవారికి ఆ ఇబ్బంది ఉండదు. దాసరి కథను ఏకబిగిన చదివితే మాత్రం, ప్రతి మలుపులోనూ ఆపద తప్పడం, వెంటనే ఇంకోటి తగలడం అలసట తెప్పిస్తాయి. అవి నెలనెలా ఎదురుచూసి చదవడానికి పుట్టిన కథలు.

‘పాతాళదుర్గం’ తర్వాత ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’ వచ్చాయి. 1970ల చివర్లో ‘భల్లూక మాంత్రికుడు’తో చందమామలో దాసరి జానపద సీరియల్స్ ఆగిపోయాయి. దాసరి 2010 జనవరిలో కన్నుమూశారు.