వాంతి, వికారము: ఇంట జేయదగిన సులభోపాయములు

నాట్ల దినములలోగాని కోతల దినములలోగాని ఇంట నొకరికి వాంతులు పట్టుకొన్నచో ఆ యింటి పని యెంత చెడునో రైతులకు వేరుగా జెప్పనక్కరలేదు. రోగి మంచమెక్కును, రోగిని జూచుకొనుటకు మఱియొకరు ఇంట నిలిచిపోవుదురు, కుదుర్చుకొన్న కూలీలు వేఱొక చేనికి బోవుదురు. వాంతులలో బెక్కింటికి వంటయింటనున్న వస్తువులతోనే యుపశమనము కలదు. కొన్నిటికి మాత్రము ఇంటివైద్యము చేయుచు గూర్చుండుట ప్రాణాపాయకరము. ఈ రెండు తెగలకును గల భేదమును సంఘసభ్యులకు దెలుపుటయే యీ వ్యాసోద్దేశము.

వాంతి యేల కలుగును?

వాంతి తనంతట దాను రోగము గాదు. అది శరీరము చేయు హెచ్చరిక. మెదడు అడుగుభాగమున వాంతిని నడుపు నాడీస్థానము కలదు. చెడిన యాహారము కడుపులో బడినపుడు ప్రేగుల నరములద్వారా ఆ స్థానమునకు వర్తమానము చేరును. బస్సు ప్రయాణములో, శరీరము కదలుచున్నదని లోపలిచెవియు, కదలుటలేదని పుస్తకముమీద నిలిచిన కన్నును భిన్నముగా సాక్ష్యము చెప్పుటవలన వికారము పుట్టును. రక్తములో విషము చేరినను, గర్భిణీస్త్రీల దేహములో మార్పులు కలిగినను ఆ స్థానమే కదలును. కావున "దీనికి మందేమి?" అని యడుగుటకు ముందు "ఇది యేల వచ్చినది?" అని విచారింపవలెను.

లంకణము అన్నమునకే, నీటికి గాదు

"లంకణము పరమౌషధము" అను మాట పల్లెలలో అందఱెఱిగినదే. డోకు వచ్చుచున్నపుడు బలవంతముగా అన్నము పెట్టకుండుట మంచిదే. కాని నీరుకూడ మాన్పించినచో కీడు కలుగును. వాంతులు విరేచనములతో గూడి వచ్చినపుడు శరీరమునుండి నీరును ఉప్పును వెడలిపోవును. మనుష్యుని గూల్చునది ముఖ్యముగా ఆ నష్టమే.

1971వ సంవత్సరమున బంగ్లాదేశ్ యుద్ధకాలమందు పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ శరణార్థి శిబిరములో కలరా వ్యాపించెను. నరములకెక్కించు సెలైను చాలకపోగా డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీటిలో గలిపి, రోగుల బంధువులచేతనే త్రాగింపజేసెను. నూటికి ముప్పదిమంది వఱకు చనిపోవుచుండిన ఆ శిబిరములో మరణములు నూటికి నలుగురికి లోపుగా దిగెను. 2023లో భారతప్రభుత్వము ఆయనకు మరణానంతరము పద్మవిభూషణ బిరుదము నిచ్చెను. నేడు ఆరోగ్యకేంద్రములలోను ఆశా కార్యకర్తలయొద్దను లభించు ఓ.ఆర్.ఎస్. పొట్లము ఆ విధానముయొక్క ఫలమే.

పొట్లముపై ఎంత నీటిలో గలుపవలెనని వ్రాయబడియున్నదో, కాచి చల్లార్చిన అంత నీటిలోనే మొత్తము పొట్లమును గలుపవలెను. పెద్దపొట్లమునకు సాధారణముగా ఒక లీటరు. పొట్లము దొరకనిచో లీటరు నీటిలో తలకొట్టిన చిన్నచెంచాలు ఆరు పంచదారయు, అర చిన్నచెంచా ఉప్పును గలుపవలెను. ఉప్పు హెచ్చినచో, ముఖ్యముగా పిల్లలకు, హాని కలుగును. కలిపిన నీరు ఇరువదినాలుగు గంటలు గడచినపిమ్మట పారబోయవలెను. ఉప్పు వేసిన పలుచని గంజియు, పలుచని మజ్జిగయు గూడ మంచివే.

త్రాగించు రీతియే ముఖ్యము. దాహముగానున్నదని గ్లాసెడు నీరు ఒక్కసారి త్రాగినచో అంతయు తిరిగి వెడలును. పెద్దలు గ్రుక్కగ్రుక్కగా త్రాగవలెను. పిల్లలకు నిమిషమునకో రెండు నిమిషములకో ఒక చెంచా చొప్పున పోయవలెను. బిడ్డ మరల కక్కినచో పదినిమిషములు ఆగి, మునుపటికంటె మెల్లగా ప్రారంభింపవలెను. చంటిబిడ్డకు తల్లిపాలు మాన్పరాదు. వాంతులు తగ్గినపిమ్మట గంజి, ఇడ్లి, మెత్తని మజ్జిగయన్నము, అరటిపండు కొద్దికొద్దిగా నీయవచ్చును. నూనెవంటలు, కారము, చిక్కని కాఫీ కొంతకాలము విడువవలెను.

అల్లము, నిమ్మ

ఇంటిమందులలో అల్లమునకు అగ్రస్థానము. గర్భిణీస్త్రీల వికారమునకు ఇది కొంత గుణమిచ్చుచున్నదని వైద్యులు పరీక్షించి తెలిసికొనిరి. వ్రేలి కణుపంత అల్లమును నలుగగొట్టి, గ్లాసెడు నీటిలో పదినిమిషములు కాచి, వడగట్టి, గోరువెచ్చగా గ్రుక్కలుగా త్రాగవలెను. శొంఠిపొడియైనచో దినమునకు మొత్తము ఒక గ్రాము, అనగా సుమారు అర చిన్నచెంచా, చాలును. గుండెమంట గలవారికి అల్లము మంటను హెచ్చించవచ్చును. రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారు వైద్యుని అడిగి వాడవలెను. నిమ్మకాయ వాసనయు, జీలకర్ర నమలుటయు ననేకులకు హాయినిచ్చును. వానివలన ఖర్చు లేదు.

వేవిళ్ళు సాధారణముగా రెండవ నెలలో మొదలై అయిదవ నెలనాటికి తగ్గును. గర్భిణి ఉదయమున మంచము దిగకముందే కొన్ని మరమరాలో పేలాలో తిని, కొంతసేపు పరుండి, మెల్లగా లేవవలెను. ఖాళీకడుపున నుండక రెండు మూడు గంటలకొకసారి కొంచెము తినవలెను. ఐరను మాత్రవలన వికారము కలిగినచో మాత్రను మానివేయక, రాత్రి భోజనానంతరము వేసికొనవచ్చునేమో నర్సమ్మను అడుగవలెను. నీరైనను నిలువక, మూత్రము తగ్గి, బరువు తగ్గుచున్నచో దానిని మామూలు వేవిళ్ళని యుపేక్షింపరాదు. వెంటనే ఆసుపత్రికి దీసికొనిపోవలెను.

ప్రయాణమున వికారపడువారు బయలుదేరుటకు ముందు మితముగా భుజించి, బస్సులో ముందుభాగమున గూర్చుండి, దూరముననున్న చెట్లను గట్లను జూచుచుండవలెను. పుస్తకమును, సెల్‌ఫోనును చూడరాదు.

రాకుండ జాగ్రత్త

పెండ్లి విందులలో వండి గంటల తరబడి వెచ్చగా విడిచిన అన్నములో ఒకవిధమగు సూక్ష్మజీవి పెరిగి విషమును బుట్టించును. తిరిగి కాచినను ఆ విషము నశింపదు. తిన్న ఆరు గంటలలోపుననే వాంతులు పట్టుకొనును. కావున వండినదానిని వేడిగానుండగనే తినవలెను, లేదా త్వరగా చల్లార్చి చల్లని చోట నుంచవలెను. వరదలు వచ్చినపుడు త్రాగునీటిని కాచియే వాడవలెను. భోజనమునకు ముందు సబ్బుతో చేతులు కడుగుకొనుట అన్నిటికంటె చౌకయైన మందు.

ఇంటివైద్యము పనికిరాని వాంతులు

పురుగుమందు చల్లుచున్నపుడు లేక చల్లి వచ్చినపిమ్మట వాంతులు, చెమటలు, నోట చొంగ, కంటినీరు, కనుపాపలు చిన్నవగుట, కండరములు అదరుట కనుపించినచో మందు ఒంటికెక్కినదని యెంచవలెను. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ మొదలగునవి చర్మముద్వారాను ఊపిరిద్వారాను గూడ లోనికి బోవును. రోగిని చేనినుండి దూరముగా గాలి తగులుచోటికి దీసికొనివచ్చి, తడిసిన బట్టలు విప్పి, సబ్బుతో ఒడలు కడుగవలెను. కడుగువారు ఆ మందు తమ చేతుల కంటకుండ జూచుకొనవలెను.

ఎవరైనను మందును మ్రింగినపుడు చింతపండు పులుసు, ఉప్పునీరు, పేడనీరు పోసి కక్కించు అలవాటు కొన్నిచోట్ల కలదు. ఇది మిక్కిలి అపాయకరము. కక్కినది ఊపిరితిత్తులలోనికి బోయి ప్రాణము దీయవచ్చును. తెలివి తప్పినవాని నోట నేమియు బోయరాదు. 108కి ఫోను చేసి, మందు డబ్బాను లేక దాని చీటీని వెంట దీసికొని, ఆసుపత్రికి బోవలెను. ఏ మందో తెలిసినగాని వైద్యుడు తగిన విరుగుడు నిర్ణయింపజాలడు. కావుననే డిపోలో గొన్న మందును వేఱొక సీసాలోనికి, ముఖ్యముగా శీతలపానీయముల సీసాలోనికి, మార్చరాదు.

నేలమీద పరుండినవారు తెల్లవాఱుజామున కడుపునొప్పి, వాంతులతో లేచి, కనురెప్పలు వాలుచున్నట్లు కనుపించినచో కట్లపాము కాటును శంకింపవలెను. దాని కాటు గుర్తు ఒక్కొక్కప్పుడు కానరాదు, నొప్పియు నుండదు. అజీర్ణమని సోడా త్రాగించుచు కాలము బుచ్చరాదు.

ఎండలో పనిచేయువాడు ఒడలు కాలుచు, మాట తడబడుచు కక్కినచో ఎండదెబ్బ. అతనిని నీడకు జేర్చి, ఒడలెల్ల తడుపుచు, గాలి విసరుచు ఆసుపత్రికి బోవలెను. తలకు దెబ్బ తగిలినపిమ్మట వాంతి, ఱొమ్ము నొప్పియు చెమటయు గూడిన వాంతి, రక్తము లేక పచ్చని పసరు పడుట, నాలుక యెండి కన్నులు లోతుకు బోయి మూత్రము నిలిచిపోవుట, ఇవియన్నియు వెంటనే వైద్యుని జూడవలసిన గుర్తులు.

ప్రతి సభ్యుడును ఇంట రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లములను, ఒక అల్లపు ముక్కను సిద్ధముగా నుంచుకొనవలెను. సంఘ కార్యాలయములలో పురుగుమందులమ్ము బల్లయొద్ద "కక్కించరాదు, డబ్బాతో ఆసుపత్రికి బొండు" అని పెద్దయక్షరములతో వ్రాయించి కట్టుట కార్యదర్శులు ఈ మాసముననే చేయదగిన పని. చదువనేరని సభ్యులకు సమావేశములలో ఈ విషయములను చదివి వినిపింప గోరుచున్నాము.