బయోడీజిల్ పోయిస్తే నిజంగా మిగులుతుందా?



ఎనిమిదో తరగతికి బొగ్గు, పెట్రోలియం పాఠం చెప్పిన వారంలో ఒక అబ్బాయి లేచి అడిగాడు: "మేడమ్, మా నాయన మామిడికాయల లోడుకు పికప్ తోలతాడు. బయోడీజిల్ చవకంట, పోయించమని చెప్పనా?" క్లాసులో సగం జవాబే చెప్పగలిగాను. కార్వేటినగరం చుట్టుపక్కల పికప్, ట్రాక్టర్ మీద బతికే ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి మిగతా సగం మీకందరికీ రాస్తున్నాను.

నూనెతో ఇంజన్ నడవడం కొత్తేమీ కాదు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను నడిపింది శెనక్కాయల నూనెతోనే! కానీ నూనె చిక్కన. అలాగే ట్యాంకులో పోస్తే ఇంజెక్టర్లలో మడ్డి కడుతుంది. అందుకే నూనెలో మిథనాల్, కొంచెం కాస్టిక్ సోడా కలిపి గ్లిజరిన్‌ను విడదీస్తారు. మిగిలే పలుచటి ద్రవమే బయోడీజిల్. బజ్జీల బాండలిలో మిగిలిన నూనెతోనూ, కానుగ గింజలతోనూ చేయవచ్చు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో కానుగ నూనె డీజిల్‌కు బదులుగా వాడితే తగ్గే కాలుష్యానికి 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది.

లాభం ముఖ్యంగా పొగలో. అమెరికా పర్యావరణ సంస్థ 2002 లెక్క ప్రకారం డీజిల్‌లో 20 శాతం కలిపితే పొగలోని మసి సుమారు 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం తగ్గాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం 2 శాతం పెరిగాయి.

ఇక డబ్బు సంగతి. లీటరు బయోడీజిల్‌లో శక్తి డీజిల్ కంటే సుమారు 8 శాతం తక్కువ. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే బండి 11 ఇస్తుంది. డీజిల్ 97 రూపాయలనుకుంటే, బయోడీజిల్ 89 కంటే తక్కువకు దొరికితేనే మీకు మిగిలేది. పైగా అది ట్యాంకులో పాత మురికిని కడిగేస్తుంది, ఆ మురికంతా ఫిల్టర్‌కు చేరి మొదట్లో ఫిల్టర్ పూడుకుపోతుంది. పాత బండ్లలో రబ్బరు పైపులు మెత్తబడతాయి.

బీఎస్6 బండ్లకు ఇంకో చిక్కుంది. పొగ ఫిల్టర్‌లో మసి కాల్చడానికి కొన్ని ఇంజన్లు అదనంగా ఇంధనం చల్లుతాయి. బయోడీజిల్ త్వరగా ఆవిరి కాదు, కొంత జారి ఇంజన్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. మన డీజిల్ ప్రమాణం 7 శాతం వరకే ఒప్పుకుంటుంది. అంతకు మించితే కంపెనీ మాన్యువల్ చూడండి, వారంటీ పోవచ్చు.

నాకు అన్నిటికంటే భయం డ్రమ్ముల్లో అమ్మే సరుకంటేనే. ఫ్యాక్టరీల్లో వాడే ద్రావకాలను బయోడీజిల్ పేరుతో అమ్మి పట్టుబడ్డవాళ్లు దేశంలో ఉన్నారు. బిల్లు ఇవ్వకపోతే, ఐఎస్ 15607 ప్రమాణం గురించి అడిగితే తడబడితే, వెనక్కి వచ్చేయండి. బిల్లుతో దొరికితే పాత ట్రాక్టర్‌కు 20 శాతం కలిపి, స్పేర్ ఫిల్టర్ దగ్గర పెట్టుకుని చూడొచ్చు.

మరుసటి రోజు ఆ అబ్బాయి ఆర్‌సీ జిరాక్స్ తెచ్చాడు. బీఎస్6 బండి. "వద్దని చెప్పు నాన్నా" అన్నాను.