ప్రేమపాట అనుకున్నానండీ!

వంటింట్లో పాటలు పెట్టుకుని పనిచేసుకునే అలవాటు మీలో ఎంతమందికుందో గానీ, నాకు మాత్రం పెళ్లికి ముందు నుంచీ ఉంది. ఘంటసాల, సుశీల, జానకి - వీళ్లు తోడు లేకపోతే నాకు కూర తరగడానికి కూడా చెయ్యి ఆడదు. అలాంటిదాన్ని ఒక ఇంగ్లీషు క్యాసెట్టు గురించి చెప్పబోతున్నానంటే మీకు నవ్వొస్తుందేమో. నవ్వండి, ఫర్వాలేదు. మావారు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

1997లో నేను ఇంటర్ రెండో సంవత్సరం. సెలవులకొచ్చిన మా పిన్ని కొడుకు వెళ్తూ వెళ్తూ మా ఇంట్లో ఒక క్యాసెట్టు మర్చిపోయాడు. దానిమీద పెన్నుతో 'ఈడెన్' అని రాసుంది, అంతే. ఇంగ్లీషు పాటలంటే డ్రమ్ములూ, కేకలూ అనుకునేదాన్ని. ఇందులో అవేం లేవు. మెత్తని గిటారు, వెనక శాక్సోఫోన్. అదేనండీ, కద్రి గోపాల్‌నాథ్ గారు మన కర్ణాటక కచేరీల్లో వాయించిన వాద్యమే. వాటి మధ్యలో ఒకమ్మాయి గొంతు. పక్కగదిలో పసిబిడ్డ నిద్రపోతోంది, లేస్తుందేమో అన్నట్టు పాడుతుంది. నాకొచ్చిన ఇంగ్లీషుకి మాటలు సగం కూడా తెలియలేదు. ఎవర్నో తలుచుకుని పాడుకుంటున్న ప్రేమపాటలు కాబోలు అనుకున్నాను. టేపు చుట్టుకుపోయినప్పుడల్లా పెన్సిలు పెట్టి తిప్పుకుంటూ, అరిగిపోయేదాకా విన్నాను.

ఆ అమ్మాయి పేరు ట్రేసీ థార్న్. గిటారు బెన్ వాట్ ది. ఇద్దరూ 1981లో ఇంగ్లండులోని హల్ అనే రేవు పట్టణంలో యూనివర్సిటీలో చేరారు. అప్పటికే ఇద్దరి పాటలూ ఒకే రికార్డు కంపెనీ చేతిలో ఉన్నాయి, ముఖపరిచయం మాత్రం లేదు. అబ్బాయే మైకులో ఆ అమ్మాయి పేరు పిలిపించి కలుసుకున్నాడట. మన సినిమా సీనులా లేదూ! జంటకి పేరు ఊళ్లోని ఫర్నిచర్ దుకాణం బోర్డు నుంచి తీసుకున్నారు. పడకగదికి కావలసినవన్నీ అమ్ముతాం, అమ్మాయిని తప్ప అని దాని భావం. అలా 'ఎవ్రీథింగ్ బట్ ద గర్ల్' అయ్యారు.

బెన్ వాళ్ల నాన్న టామీ వాట్ జాజ్ బ్యాండు నడిపినాయన. కాబట్టి ఆ సంగీతం అబ్బాయికి ఇంట్లోనే అబ్బింది. దానికి బ్రెజిల్ వాళ్ల బోసా నోవా కలిసింది. గొంతు పెంచకుండా, మాట్లాడుతున్నట్టే పాడే పద్ధతి అది. రాబిన్ మిల్లర్ అనే నిర్మాత దగ్గర 1983లో రికార్డు చేశారు. షాడే మొదటి ఆల్బమ్ 'డైమండ్ లైఫ్' కూడా ఆయన చేతి పనే. రెండూ 1984లో వచ్చాయి. 'ఈడెన్' బ్రిటన్ పట్టికలో 14వ స్థానం దాకా వెళ్లింది. పన్నెండు పాటల్లో అన్నీ గొప్పవని నేననను. రెండోవైపు కాస్త సాగదీసినట్టుంటుంది. మాటల్లేకుండా వాయిద్యాలతోనే నడిచే 'క్రాబ్‌వాక్' మాత్రం నాకెంత ఇష్టమో చెప్పలేను.

ఇక అసలు సంగతి. క్యాసెట్టు ఎప్పుడో పాడైపోయింది. రెండేళ్ల క్రితం మా అమ్మాయి ఆ ఆల్బమ్‌ని ఫోనులో వెతికి పెట్టింది. మొదటి పాట 'ఈచ్ అండ్ ఎవ్రీ వన్' సగం కూడా అవలేదు, "అమ్మా, ఈవిడ ఎవరిమీదో కోపంగా ఉందే" అంది. కోపమేమిటే, ప్రేమపాట అన్నాను. తీరా చూస్తే పిల్ల మాటే నిజం. పాడే ఆడవాళ్లని తక్కువచేసి, బుజ్జగిస్తున్నట్టు రాసే మగ విమర్శకుల గురించి రాసిన పాట అదని ట్రేసీయే తర్వాత చెప్పింది. చాలామంది నాలాగే ప్రేమపాట అనుకున్నారట. అంత నెమ్మదిగా పాడితే కోపమని ఎవరికి తడుతుంది చెప్పండి?

ఆ రాత్రి నాకొక విషయం గుర్తొచ్చింది. ఇంటర్‌లో ఉన్నప్పుడే మా కాలేజీ పత్రికకి నేనో కథ రాసిచ్చాను. చదివిన మాస్టారు, "ఆడపిల్లవైనా బాగానే రాశావే!" అన్నారు. పొంగిపోయాను. ఇంటికెళ్లి అమ్మకి చెప్పాను, నాన్నకి చెప్పాను. ఆ 'అయినా' ఎందుకొచ్చిందని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ తర్వాత మళ్లీ కథ రాయనూ లేదు.

ఈ జంట మాత్రం ఆగలేదు. 1992లో బెన్‌కి ప్రాణంమీదికి తెచ్చిన అరుదైన జబ్బు చేసి, చిన్నపేగు చాలావరకు తీసేయాల్సి వచ్చింది. కోలుకున్నాడు. 1995లో వీళ్ల 'మిస్సింగ్' పాట డాన్సు మిక్సింగుతో చాలా దేశాల్లో మోగిపోయింది. ఆ దడదడ నాకంత పడదు లెండి. 2000 నుంచి ఇద్దరూ జంటగా పాడటం మానేశారు. ముగ్గురు పిల్లలు పుట్టాక, 2009లో తీరిగ్గా పెళ్లి చేసుకున్నారు! 1999 తర్వాత మళ్లీ 2023లోనే కొత్త ఆల్బమ్ 'ఫ్యూజ్' తెచ్చారు. ట్రేసీ గొంతు ఇంకా కిందికి దిగి, బరువెక్కింది. అదీ బాగుంది గానీ, నేను తిరిగి తిరిగి 'ఈడెన్' దగ్గరికే వస్తాను.

మీరూ వినాలనుకుంటే పోపు వేసేటప్పుడు మాత్రం పెట్టకండి, ఆ చిటపటల్లో ఏమీ వినపడదు. రాత్రి అందరి భోజనాలూ అయ్యాక, గిన్నెలు సర్దుకునేటప్పుడు పెట్టండి. మొదటి పాట రెండుసార్లు వినండి.