భోపాల్ బసగా విదిశ, సాంచీ, భీమ్‌బేట్కా: మూడు దినాల రైలుయాత్రకు ఒక ప్రణాళిక

సాంచీని దర్శించటానికి రెండు గంటలు చాలునన్న అభిప్రాయం యాత్రికులలో బలంగా నాటుకొని ఉన్నది. భోపాల్‌లో దిగి, కారులో కొండకు చేరి, మహాస్తూపానికి ఒక ప్రదక్షిణం చేసి, నాలుగు తోరణాల ఛాయాచిత్రాలు తీసుకొని మధ్యాహ్నానికి తిరిగివచ్చేవారు అనేకులు. ఆ పద్ధతిలో స్తూపం కనిపిస్తుంది. కాని అది అక్కడే ఎందుకు వెలసిందో, దానిని ఎవరు పోషించారో కనిపించదు. సాంచీ ఏకాంతంగా పుట్టిన క్షేత్రం కాదు. విదిశా నగరం, ఆ నగరం మీదుగా సాగిన వర్తక మార్గం, చుట్టుపక్కల కొండలమీది విహారాలు కలిసి ఏర్పడిన ఒక మండలంలో అది ప్రధాన భాగం. ఆ మండలాన్ని మూడు దినాలలో, భోపాల్‌లోని ఒకే బస నుండి, రైలుమార్గం ఆధారంగా పరిశీలించే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

భోపాల్‌ను కేంద్రంగా ఎంచుకోవటానికి కారణం స్పష్టం. ఉత్తర దక్షిణాలను కలిపే ప్రధాన రైలుమార్గం నగరం గుండా పోతుంది. హైదరాబాదు నుండి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖపట్నం నుండి ఏ.పి. ఎక్స్‌ప్రెస్ ఈ మార్గంలోనే ఢిల్లీ చేరుతాయి. ఇదే మార్గంలో భోపాల్‌కు ఉత్తరాన సాంచీ, విదిశ ఉన్నవి. దక్షిణాన భీమ్‌బేట్కాకు సమీపమైన ఓబైదుల్లాగంజ్ ఉన్నది. కనుక బస మార్చకుండా, సామాను మోయకుండా ప్రతి ఉదయం బయలుదేరి సాయంకాలానికి తిరిగి రావచ్చును. నగరంలో భోపాల్ జంక్షన్, రాణీ కమలాపతి అనే రెండు ప్రధాన స్టేషన్లున్నవి. రెండవది 2021 వరకు హబీబ్‌గంజ్‌గా ప్రసిద్ధం. టికెట్ కొనేటప్పుడు ఏ స్టేషన్ నుండి ప్రయాణమో సరిచూసుకొనటం అవసరం.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. సాంచీ చిన్న స్టేషన్. అక్కడ ఆగే బండ్లు తక్కువ. విదిశలో ఆగేవి ఎక్కువ. విదిశకు, సాంచీకి మధ్య దూరం సుమారు 10 కిలోమీటర్లే. అందువలన సాంచీలో ఆగే బండి కోసం అరపూట పోగొట్టుకొనేకంటే విదిశలో దిగి ఆటోలోనో బస్సులోనో వెనుకకు రావటం మేలు. రైళ్ల వేళలు తరచు మారుతుంటాయి కనుక ప్రయాణానికి ముందురోజు మరొకసారి చూసుకొనవలెను.

మొదటి దినం సాంచీకి కాక విదిశకు కేటాయించటం ఉచితం. దాతల నగరాన్ని చూచిన తరువాత దానం పొందిన కొండను చూడటమే చారిత్రక క్రమం. భోపాల్ నుండి విదిశకు రైలులో సుమారు గంట ప్రయాణం. దారిలో దీవాన్‌గంజ్, సలామత్‌పూర్ పరిసరాలలో కర్కటరేఖను దాటుతారు. పట్టణం వెలుపల, బేత్వా, బేస్ నదుల సంగమ ప్రాంతంలోని బేస్‌నగర్ ప్రాచీన విదిశా నగర స్థానం. తక్షశిలా ప్రభువు ఆంటియాల్కిదస్ పంపగా భాగభద్రుని ఆస్థానానికి వచ్చిన యవన రాయబారి హెలియోదోరస్ వాసుదేవునికి నెలకొల్పిన గరుడస్తంభం అక్కడ ఉన్నది. క్రీ.పూ. 2వ శతాబ్ది నాటి ఆ స్తంభాన్ని స్థానికులు ఖాంబాబాగా పూజించారు. అక్కడికి దగ్గరలోని ఉదయగిరిలో 20 గుహలున్నవి. వాటిలో ఒక గుహాశాసనం రెండవ చంద్రగుప్తుని కాలానిది, గుప్త సంవత్సరం 82, అనగా క్రీ.శ. 401-02. అదే రాజు సేవకుడు అమ్రకార్దవుడు గుప్త సంవత్సరం 93లో సాంచీ విహారానికి ఒక గ్రామాన్ని, 25 దీనారాలను దానమిచ్చాడు. భిక్షువుల భోజనానికి, రత్నగృహంలో దీపానికి ఆ దానం ఉద్దేశితం. ఉదయగిరిని చూచిన మరునాడు సాంచీ వేదికపై ఆ శాసనాన్ని చూచేవారికి రెండు కొండల సంబంధం గ్రంథసహాయం లేకుండానే బోధపడుతుంది.

రెండవ దినం పూర్తిగా సాంచీకి. కొండపైకి చేరగానే మహాస్తూపపు దక్షిణ తోరణం వద్దకు వెళ్ళవలెను. దాని పక్కన అశోక స్తంభపు మొదలు నేటికీ నిలిచి ఉన్నది. సంఘభేదాన్ని నిషేధించే అశోకుని శాసనం దానిపై ఉన్నది. ఆ తోరణం మీదనే రెండు లఘుశాసనాలు గమనింపదగినవి. ఒకటి విదిశకు చెందిన దంతకారులు ఆ శిల్పకర్మ చేశారని చెబుతుంది. ఏనుగుదంతంపై పనిచేసిన చేతులే రాతిపై పనిచేశాయన్నమాట. మొదటి దినం చూచిన నగరం ఇక్కడ తన పేరుతోనే పలుకుతుంది. రెండవది శ్రీ శాతకర్ణి రాజు శిల్పుల పెద్ద అయిన ఆనందుని దానాన్ని తెలుపుతుంది. ఆ రాజు ఏ శాతకర్ణి అన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. అయినా సాతవాహన చరిత్రను పరిశీలించే తెలుగు పరిశోధకులకు అది తప్పక చూడవలసిన శాసనం. సాంచీలోని దానశాసనాలు 800కు పైగా ఉన్నవి. దాతలలో గృహస్థులతోపాటు భిక్షువులు, భిక్షుణులు కూడ ఎందరో.

మహాస్తూపంతోనే తృప్తిపడక, పడమటి వాలున మెట్లు దిగి 2వ స్తూపానికి పోవలెను. చాలమంది విడిచిపెట్టేది దీనినే. 1851లో కన్నింగ్‌హామ్, మైసీ దీనిని తెరచినప్పుడు పదిమంది ఆచార్యుల ధాతువులు లభించాయి. వారిలో హిమవంత ప్రాంతానికి ధర్మప్రచారానికి వెళ్ళినట్లు సింహళ వంశకథలు చెప్పే మజ్ఝిమ, కస్సపగోత్తుల పేర్లున్నవి. గ్రంథ సంప్రదాయం, పురావస్తు సాక్ష్యం ఇంత దగ్గరగా కలిసే చోట్లు అరుదు. ఆ తరువాత 3వ స్తూపం. అగ్రశ్రావకులైన సారిపుత్త, మహామొగ్గల్లానుల ధాతువులు అక్కడ, సాత్‌ధారాలో బయటపడ్డాయి. ఇంగ్లండుకు తరలిపోయిన ధాతువులు తిరిగి వచ్చి 1952 నవంబరులో నూతన చేతియగిరి విహారంలో ప్రతిష్ఠితమయ్యాయి. నవంబరు చివర జరిగే వార్షికోత్సవంలో వాటిని దర్శనానికి ఉంచుతారు. దర్శనార్థులు ఆ సమయాన్ని ఎంచుకొనవచ్చును. శాసన పరిశీలకులు జనసమ్మర్దం లేని మరో వారాన్ని ఎంచుకొనటం మంచిది. పురావస్తు సర్వేక్షణ శాఖ ప్రదర్శనశాలకు శుక్రవారం సెలవు కనుక ఈ దినం శుక్రవారం కాకుండ చూసుకొనవలెను.

మూడవ దినం దక్షిణ దిశగా. ఓబైదుల్లాగంజ్‌లో దిగి కొద్ది కిలోమీటర్లు రోడ్డుమార్గాన పోతే భీమ్‌బేట్కా శిలాశ్రయాలు. 1957లో వి.ఎస్. వాకణ్కర్ ఈ మార్గంలోనే రైలులో పోతూ కిటికీ నుండి ఆ శిలాకృతులను గమనించి వాటిని వెలుగులోకి తెచ్చాడు. అవి 2003లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. సాంచీ 1989లోనే చేరింది. బౌద్ధ పరిశోధకునికి ఇక్కడ ఏమి ప్రయోజనమని అడుగవచ్చును. ఈ వింధ్య పంక్తులలోనే, సీహోర్ జిల్లా పాంగురారియా వద్ద ఒక శిలాశ్రయంలో అశోకుని లఘుశిలాశాసనం 1970లలో వెలువడింది. విహారాలు కట్టకముందు, కట్టిన తరువాత కూడ భిక్షువులకు కొండచరియలు ఎటువంటి నివాసాలో ఊహించటానికి ఈ శిలాశ్రయాలు తోడ్పడతాయి.

భిక్షువుల యాత్రకు రెండు నియమాలు ప్రధానం. వికాలభోజన విరతి పాటించేవారికి మధ్యాహ్నంలోపు భోజనం ముగియవలెను. కనుక తెల్లవారు బండిలో బయలుదేరి, విదిశ, సాంచీలలో 11 గంటలకే భోజనం ఏర్పాటు చేసుకొని, పెద్ద పరిశీలనను తరువాతి భాగానికి ఉంచటం అనుకూలం. వర్షావాసంలో అరుణోదయానికి స్వీకరించిన ఆవాసంలోనే ఉండవలెను. దూరయాత్రకు ఆ మూడు నెలలు తగవు. పవారణ ముగిసిన తరువాత నవంబరు నుండి ఫిబ్రవరి వరకు వాతావరణం కూడ అనుకూలం. వేసవిలో ఆ కొండలపై ఎండ దుర్భరం.

చివరగా ఒక హెచ్చరిక. సాత్‌ధారా, సోనారీ, అంధేర్, భోజ్‌పూర్ స్తూపసముదాయాలు రైలుకు అందవు. ఈ భోజ్‌పూర్ విదిశ సమీపంలోనిది. భోజరాజు శివాలయమున్న భోజ్‌పూర్ వేరు, అది భోపాల్‌కు ఆగ్నేయంగా ఉన్నది. పేరు ఒక్కటే కావటంతో వాహనం తప్పు దిక్కుకు పోయే అవకాశం ఉన్నది. వీటిని మూడు దినాలలో ఇరికించటంకంటే వాహనంతో నాలుగవ దినం చేర్చుకొనటం, లేదా మరో యాత్రకు విడిచిపెట్టటం ఉత్తమం. ఎన్ని స్తూపాలు చూచితిమన్న లెక్క ముఖ్యం కాదు. కొండమీది రాతిలో పేరు చెక్కించుకొన్న దాత ఏ వీధి నుండి, ఏ దారిన నడిచి వచ్చాడో ఒక్కసారి తెలిసినచో, ఆ తరువాత చూచే ప్రతి స్తూపం దానంతట అదే తన కథ చెప్పుకొంటుంది.